విశాఖలో నడిచే ఇసుక

పిల్లలూ! ఇసుకకు కాళ్లున్నాయా? లేవు గదా! అయినా విశాఖపట్నంలో ఇసుక నడుస్తుంది. గుప్పెడో దోసెడో కాదు, ఎన్ని లారీలకు ఎత్తినా తరగనంత ఇసుక ప్రతి ఏడూ దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచిపోతుంది. ఆ ఇసుక వెంట మనమూ నడిస్తే ఆ ఊళ్లో చూడదగిన వింతలు చాలావరకు చూసినట్టే. సెలవులకు అమ్మానాన్నలతో విశాఖ వెళ్లినప్పుడు ఈ దారిన వెళ్లి చూడండి.

ఎండ ముదరకముందే పాత ఊరి వైపు బయలుదేరండి. రేవు పక్కన మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న కొండ పేరు రాస్ హిల్. దాని మీదికెక్కి దక్షిణంగా చూస్తే సముద్రంలోకి పొడుచుకు వచ్చిన పెద్ద కొండ కనబడుతుంది. అదే డాల్ఫిన్స్ నోస్, అంటే డాల్ఫిన్ ముక్కు. (డాల్ఫిన్ చేప కాదనీ, మనలాగే ఊపిరి పీల్చి పిల్లలకు పాలిచ్చే జంతువనీ మీకు తెలుసు గదా!) ఆ కొండకూ మీరు నిలబడిన కొండకూ మధ్య సన్నని నీటిదారి ఉన్నది. మేడంత ఓడ ఆ సందులోంచి మెల్లగా లోపలికి వస్తుంటే చూడటానికి రెండు కళ్లూ చాలవు.

ఒకప్పుడు ఆ లోపల రేవు లేదు. ఉప్పుటేరూ బురదనేలా ఉండేవి. ఓడలు దూరాన సముద్రంలోనే ఆగితే, సరుకులను పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. బురద తవ్వి, దారి లోతు చేసి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటిసారిగా ఆ రేవులోకి వచ్చింది.

అయితే రేవు కట్టేవారికి ఒక గట్టి చిక్కు ఎదురైంది. దారి తవ్విన కొద్దీ ఇసుక వచ్చి పూడ్చేస్తుంది! దాన్ని అడ్డుకోవడానికి వారేం చేశారో తెలుసా? రెండు పాత ఓడలను తెచ్చి, వాటిలో రాళ్లు నింపి, రేవు మొగదల కావాలనే ముంచేశారు. ఓడలు రావడం కోసం ఓడలనే ముంచారన్నమాట!

ఇంతకూ ఇసుక ఎలా నడుస్తుంది? కెరటం ఎప్పుడూ ఒడ్డుకు తిన్నగా ఎదురుగా రాదు. తరచు ఏటవాలుగా వస్తుంది. వచ్చేటప్పుడు ఇసుక రేణువును ఏటవాలుగా పైకి తోస్తుంది. తిరిగిపోయేటప్పుడు మాత్రం నీరు తిన్నగా పల్లానికి జారుతుంది. దానితోపాటు రేణువూ దిగుతుంది గాని, బయలుదేరిన చోటికి కాదు, కొంచెం పక్కకు. ఇలా ఒక్కొక్క కెరటానికి ఒక్కొక్క అడుగు వేస్తూ రేణువు సాగిపోతుంది. వేసవి నుంచి వానాకాలం దాకా కెరటాలు దక్షిణం వైపు నుంచి వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. చలికాలంలో ఈశాన్యపు గాలికి కొంత వెనక్కు మళ్లుతుంది. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

ఇప్పుడు ఆలోచించండి. దారిలో రాతిగోడ అడ్డం కడితే ఏమవుతుంది? దక్షిణం వైపు ఇసుక పోగుపడుతుంది. ఉత్తరం వైపు కెరటాలు ఉన్న ఇసుకను పట్టుకుపోతూనే ఉంటాయి గాని, కొత్త ఇసుక రాదు. ఖర్చేగాని జమలేని ఇల్లులాగా ఒడ్డు చిక్కిపోతుంది. 1976లో పెద్ద ఓడల కోసం సముద్రంలోకి రాతిగోడలు చాచి వెలుపలి రేవు కట్టారు. రేవు వల్ల ఎందరికో బతుకుతెరువు దొరికింది. కాని ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచి కోతకు గురి అవుతున్నది. అందుకే పూడిక తీసే ఓడలు రేవు దగ్గర ఇసుకను పీల్చుకుని, గొట్టాలగుండా బీచికి చేరవేస్తాయి. నడవలేక ఆగిపోయిన ఇసుకను మనిషి ఎత్తుకుని దాటిస్తున్నాడన్నమాట. సముద్రంతో ఒకసారి పని పెట్టుకుంటే ఆ పని ఏటేటా చేస్తూనే ఉండాలి.

కొండ దిగి చేపల రేవుకు రండి. పొద్దున్నే అక్కడ వేలంపాట జోరుగా సాగుతుంది. వంజరం, చందువా, రొయ్యలు, ఇంకా మీరు పేరు కూడా వినని చేపలు గుట్టలుగా ఉంటాయి. ముక్కు మూసుకోకండి, పేర్లు అడిగి రాసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం మరపడవలన్నీ కట్టేసి ఉంటాయి. ఆ 61 రోజులూ తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక వాటికి ఆ గడువు ఇస్తారు.

అక్కడి నుంచి రామకృష్ణా బీచికి వెళితే ఒడ్డున ఇనుప తిమింగలం లాంటిది కనిపిస్తుంది. అదే ‘కుర్సురా’ అనే జలాంతర్గామి. పొడవు సుమారు 91 మీటర్లు. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 వరకు పనిచేసింది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. పొట్టలోని తొట్లలోకి నీరు వదిలితే బరువెక్కి మునుగుతుంది. గట్టిగా అదిమిపెట్టిన గాలితో ఆ నీటిని బయటికి తోస్తే తేలికై పైకి వస్తుంది. లోపల నావికులు పడుకున్న ఇరుకు బల్లలు చూసి వచ్చాక, మీ పక్క చాలలేదని అమ్మతో పేచీ పెట్టరు!

ఇక బీచిలో మీరు చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. పెద్దవారి చేత ఒక ఎండు కొబ్బరికాయను నీళ్లలోకి విసిరించండి. దానికి ఎదురుగా పొడి ఇసుకలో ఒక పుల్ల గుచ్చండి. పావుగంట ఆగి, కాయ ఎక్కడున్నదో చూసి అక్కడ రెండో పుల్ల గుచ్చండి. రెంటి మధ్యా అడుగులు కొలవండి. ఆనాటి నీరు ఎటు నడుస్తున్నదో తెలిసిపోతుంది.

ఈ పరీక్ష నేను చాలా ఏళ్ల కిందట మా బడి పిల్లల చేత చేయించాను. కాయ చక్కగా ఉత్తరానికి సాగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంతలో ఏడో తరగతి కుర్రవాడు ఒకడు కాయను తెచ్చి ఇద్దామని నీళ్లలోకి పరుగెత్తాడు. మోకాళ్ల లోతుదాకా పోయాడో లేదో, కాళ్ల కింది ఇసుక కదిలిపోయి బోర్లా పడ్డాడు. నేను అందుకునేలోగా నీరు వాణ్ణి లాగేసింది. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక ముసలి జాలరి దూకి, జుట్టు పట్టుకుని బయటికి తెచ్చాడు. తరువాత నాతో, “కొట్టే కెరటానికి బెదరక్కర్లేదు బాబూ, లాగే నీటికి బెదరాల” అన్నాడు.

తప్పు కుర్రవాడిది కాదు, నాది. పరీక్ష చెప్పాను గాని జాగ్రత్త చెప్పలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఒడ్డుకు చేరిన నీరంతా ఒక్కొక్కచోట సన్నని దారి చేసుకుని వేగంగా వెనక్కు పోతుంది. అక్కడ కెరటాలు తక్కువగా ఉండి, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనబడుతుంది. పిల్లలు మోసపోయేది అక్కడే. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదరాదు, అలసిపోతారు. ఒడ్డు వెంబడే పక్కకు ఈదుతూ, చెయ్యెత్తి కేక వెయ్యాలి. అసలు చిక్కకుండా ఉండటమే తెలివి. పాదాలు తడిస్తే చాలు, అంతకుమించి లోపలికి పోవద్దు. తల్లిదండ్రులారా, మీ చూపు ఫోను మీద కాక పిల్లల మీద ఉండాలి.

మరునాడు భీమిలి దారి పట్టండి. దారిలో తొట్లకొండ వస్తుంది. సుమారు రెండువేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. వాననీటి కోసం రాతిలో వారు తొలిచిన తొట్లను బట్టే ఆ పేరు వచ్చింది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమను నాణేలు కూడా దొరికాయి. ఎక్కడి రోమ్, ఎక్కడి తొట్లకొండ! ఆ నాణేలు ఎన్ని చేతులు మారి వచ్చాయో ఊహించండి.

ఇంకొంచెం ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఇదీ ఇసుకే! వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కు తగ్గిన కాలంలో గాలి ఒడ్డు ఇసుకను ఎగరేసి ఇక్కడ పోగుచేసింది. రేణువులకు ఇనుప తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. వాననీరు కోసి లోయలు చేసింది. 2014లో దీనిని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. గట్లు ఎక్కి విరగ్గొట్టకండి. పిడికెడు మట్టి కూడా ఇంటికి తేకండి. మీలాగే వెయ్యిమంది తెస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి.

నడిచి నడిచి ఆగిన ఇసుక ఈ దిబ్బలలో ఉన్నది. ఇంకా నడుస్తున్న ఇసుక ఎదురుగా కెరటాలలో ఉన్నది. రెంటినీ ఒకేచోట నిలబడి చూడండి. ఆపైన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు వేళ్ల సందున ఒక రేణువు మిగిలితే, అది ఎంత దూరం నుంచి నడిచి వచ్చిందో మీ చెల్లికీ తమ్ముడికీ చెప్పండి.