ఖాళీ పెంకులోకి డి.ఎన్.ఏ. దారం

బాక్టీరియాను కూడా పీడించే వైరస్‌లున్నాయి. వాటికి బాక్టీరియోఫేజ్‌లని పేరు. మామూలు సూక్ష్మదర్శినికి అందని ఈ రేణువులు తొలిసారి చిత్రాలకెక్కినది జర్మనీలోనే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని రూపొందించిన ఎర్న్‌స్ట్ రుస్కా తమ్ముడు హెల్ముట్ రుస్కా వైద్యుడు. 1940లో ఆయన బెర్లిన్‌లో ప్రచురించిన చిత్రాల్లో బాక్టీరియాను చుట్టుముట్టిన ఫేజ్‌లు కనిపించాయి. వాటి కడుపులో ఏమున్నదో, అది ఎలా చేరిందో తెలియడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

మన పేగుల్లో నివసించే ఇ.కోలి బాక్టీరియాపై దాడిచేసే టి4 అనే ఫేజ్‌ను తీసుకుందాం. దాని తల పొడవు 120 నానోమీటర్లు. అందులో ఇమిడే డి.ఎన్.ఏ. దారం పొడవు సుమారు 57 మైక్రాన్లు, అంటే తలకు దాదాపు 475 రెట్లు! సిరిసిల్ల నేతగాడు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడని మనమంతా గర్విస్తాం. టి4 తలను అగ్గిపెట్టె పొడవుకు పెంచి చూస్తే, అందులో కూరవలసినది మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం గల 24 మీటర్ల తాడు. పైగా చీర మడత పెట్టిన చోట ఉంటుంది, డి.ఎన్.ఏ. ఉండదు. దాని ఒళ్ళంతా రుణవిద్యుదావేశమే కనుక పోగును పోగు నెట్టివేస్తుంది, వంచితే నిటారుగా లేవజూస్తుంది.

దారాన్ని ముందు ఉండగా చుట్టి, దానిపై పెంకు కట్టుకుంటుందేమో అనిపించవచ్చు. జరిగేది అది కాదు. మొదట ఖాళీ పెంకు తయారవుతుంది. దాని ఒక మూలనున్న ద్వారం వద్ద ఐదు ప్రోటీన్ అణువులు వలయంగా కూడి యంత్రమవుతాయి. ఏ.టి.పి. అనే ఇంధనాన్ని ఖర్చుచేస్తూ ఆ యంత్రం దారాన్ని లోపలికి లాగుతుంది. 2007లో వెలువడిన కొలతల ప్రకారం దాని బలం 60 పికోన్యూటన్లకు పైమాటే. మన కండరాల్లోని మయోసిన్ అణువు లాగే బలానికిది పది రెట్లకు మించినది. వేగం సెకనుకు 2,000 జంటల దాకా ఉంటుంది. తల నిండగానే ఆ యంత్రమే దారాన్ని తెంచివేస్తుంది.

ఈ యంత్రపు రూపాన్ని 2008లో బయటపెట్టిన బృందానికి నాయకులిద్దరు. ఒకరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, 1939లో తల్లితో ఇంగ్లండు చేరి, తరువాత అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన మైకేల్ రాస్‌మన్ (1930-2019). రెండవవారు వాషింగ్టన్‌లోని కేథలిక్ విశ్వవిద్యాలయ ఆచార్యులు వెనిగళ్ళ రావు. ఇంటిపేరు విన్న తెలుగువారికి వేరే పరిచయం అక్కరలేదు. వారి నమూనా ప్రకారం, ప్రోటీన్‌లోని రెండు భాగాలు విరుద్ధ విద్యుదావేశాల వల్ల ఆకర్షించుకొని దగ్గరవుతాయి; ఆ కదలికతో దారం రెండు జంటల మేర లోపలికి జరుగుతుంది.

బాక్టీరియా వైరస్ గొడవ మనకెందుకని అనుకోనక్కరలేదు. మనుషులకు సోకే హెర్పిస్ జాతి వైరస్‌లు కూడా ఇదే పద్ధతిలో, ఇదే వంశపు యంత్రంతో డి.ఎన్.ఏ.ను పెంకులో నింపుకుంటాయి. వాటిలో ఒకటైన సైటోమెగలో వైరస్ ఆరోగ్యవంతులలో సాధారణంగా అణగి ఉంటుంది. పరాయి ఎముక మజ్జను పొందిన రోగులలో మాత్రం విజృంభించి ప్రాణం మీదికి తెస్తుంది. పాత మందు గాన్‌సిక్లోవిర్ వైరస్‌తోపాటు కొత్తగా నాటిన మజ్జను కూడా దెబ్బతీసేది. రోగికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఊపర్టాల్ నగరంలో బేయర్ పరిశోధనల నుండి పుట్టి, 2006లో విడివడిన ఐక్యురిస్ సంస్థ అభివృద్ధి చేసిన లెటర్‌మోవిర్ సరిగ్గా ఆ నింపే యంత్రాన్నే పట్టుకుంటుంది. మానవకణాల్లో అటువంటి యంత్రం లేదు కనుక మజ్జకు ముప్పు తక్కువ. 2017లో వెలువడిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 60.6 శాతం మందికి 24 వారాలలో చికిత్స అవసరమయ్యే స్థాయిలో వైరస్ తలెత్తినట్టు లెక్కించగా, లెటర్‌మోవిర్ తీసుకున్నవారిలో అది 37.5 శాతమే. ఆ ఏడాదే అమెరికా, 2018లో ఐరోపా ఈ మందును అనుమతించాయి. సంస్థ శాస్త్రవేత్తలు హెల్గా రూబ్‌జామెన్-షెఫ్, హోల్గర్ త్సిమర్‌మన్‌లకు 2018లో జర్మన్ అధ్యక్షుని భవిష్య పురస్కారం లభించింది.

అయితే ఈ మందు సైటోమెగలో వైరస్ యంత్రానికే సరిపోతుంది. అమ్మవారు, నోటిపొక్కులు కలిగించే హెర్పిస్ వైరస్‌లపై పనిచేయదు. అందుచేత అదే రోగికి వాటి కోసం ఎసైక్లోవిర్ వంటి మందును కూడా వైద్యులు ఇస్తూనే ఉంటారు.