మీకు తెలుసా? ఆ పెరడంతా సెట్టే!

హిచ్‌కాక్ ‘రియర్ విండో’ (1954)లో కనిపించే న్యూయార్క్ పెరడు, చుట్టూ ఉన్న 31 అపార్ట్‌మెంట్లు, అన్నీ హాలీవుడ్‌లోని పారామౌంట్ స్టూడియో లోపల వేసిన ఒకే సెట్! ఎత్తు చాలక స్టేజీ నేలను తొలగించి, కింది సెల్లార్‌నే పెరడుగా మార్చారు. నిజమైన వీధిలో తీస్తే సరిపోయేది కదా అనవచ్చు. కానీ కథలో ఎదుటింటివాడిని హంతకుడని అనుమానించే ముగ్గురూ (కాలు విరిగిన ఫొటోగ్రాఫర్, అతని ప్రియురాలు, నర్సు) పోలీసులు కారు. వాళ్లకున్న ఆధారాలు చాలావరకు ఎదుటి కిటికీల్లో కనిపించినవే. అందుకే ఆ కిటికీల్లో ఏం కనిపించాలన్నది కీలకం: చీకటి గదిలో హంతకుడి సిగరెట్ నిప్పు ఒక్కటే వెలగాలంటే ప్రతి దీపమూ దర్శకుడి చెప్పుచేతల్లో ఉండాలి. కెమెరా కూడా దాదాపు ఫొటోగ్రాఫర్ గది దాటదు. ప్రేక్షకుడికి హీరోకన్నా ఎక్కువ తెలియనివ్వరు, ఒక్కచోట తప్ప: అతను నిద్రలో ఉండగా అనుమానితుడు ఒక స్త్రీతో బయటికి వెళ్లడం మనకు మాత్రమే కనిపిస్తుంది.