నల్ల తెరంటే బెదురెందుకు?

పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యారని మళ్లీ ఉద్యోగంలో చేరారు. తొలిరోజే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. చూస్తే మౌస్‌తో నొక్కడానికి బొమ్మలే లేవు. నల్లటి తెర, మూలన మిణుకుమిణుకుమంటూ ఓ గీత! ఏం నొక్కితే ఏం పోతుందోనని భయం. పక్కసీటు కుర్రాణ్ని అడగాలంటే మొహమాటం.

కంగారుపడకండి. అది 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ పద్ధతి. ఆ ఒరవడిలోనే 1991లో వచ్చిన లినక్స్‌లోనూ ఇవే ఆదేశాలు. కొత్త వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూస్తే పప్పులేమైనా తరిగిపోతాయా? ఇదీ అంతే. చూసే ఆదేశాలతో ఏ ఫైలూ చెరిగిపోదు.

ఎక్కడున్నాం?

పి, డబ్ల్యు, డి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చెబుతుంది. ఎల్, ఎస్ కొడితే అందులోని ఫైళ్ల పేర్లు వస్తాయి. సి, డి కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఫోల్డర్ పేరు రాస్తే లోపలికి వెళ్తారు. పేరుకు బదులు రెండు చుక్కలు పెడితే బయటి ఫోల్డర్‌కు వస్తారు. దారి తప్పారా? ఉత్త సి, డి కొట్టండి. మీ సొంత ఫోల్డర్‌కు చేరిపోతారు.

చదవడం ఎలా?

'లెస్' అని ఇంగ్లిషులో టైపు చేసి, ఖాళీ వదిలి ఫైలు పేరు రాయండి. స్పేస్‌బార్ నొక్కితే తర్వాతి పేజీ, బి నొక్కితే ముందరి పేజీ. ఏదైనా మాట వెతకాలంటే ఏటవాలు గీత కొట్టి, ఆ మాట రాసి ఎంటర్ నొక్కితే సరి. అదే మాట ఇంకెక్కడుందో ఎన్ చూపిస్తుంది. చదవడం అయ్యాక బయటికి రాలేక చాలామంది తికమకపడతారు. క్యు నొక్కండి, అంతే!

ఇవి మరవకండి

* ఆదేశాలన్నీ చిన్నక్షరాల్లోనే కొట్టాలి. ఫైలు పేరులో పెద్దక్షరముంటే అలాగే రాయాలి.

* పేరు మొదట్లో రెండుమూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి. అలాంటి పేరు మరొకటి లేకపోతే మిగతాది అదే పూర్తిచేస్తుంది.

* ఆర్, ఎం ఆదేశంతో మాత్రం జాగ్రత్త! అది ఫైలును చెరిపేస్తుంది. మామూలుగా చెత్తబుట్టలో కూడా మిగలదు. నేర్చుకునే రోజుల్లో దాని జోలికి పోకండి.

రోజూ ఓ పావుగంట ఇలా తిరిగి చూస్తుంటే వేళ్లకు అవే అలవాటవుతాయి. కొన్నాళ్లకు పక్కసీటు కుర్రాడే "ఆ ఫైలెక్కడుందండీ?" అని మిమ్మల్ని అడుగుతాడేమో!