గోడలు లేని కట్టడం: కల్లు మండువ

ఇంగ్లండు పల్లెల పాత పబ్బుల వాస్తుమీద పుస్తకాలున్నాయి. మన కల్లు మండువమీద రాయబోతే, అక్కడ కట్టడమేముందని అడుగుతారు. నేనెరిగిన కరీంనగర్ పల్లెల మండువకు నాలుగు గుంజలు, తాటికమ్మల కప్పు, కల్లు కుండలు, చుట్టూ ఈతవనం, అంతే. కోస్తాలో మండువా అంటే ఇంటి నడుమ ఆకాశం కనిపించే చోటు. ఇక్కడ ఆ మాట తాగే తావుకు పేరు.

నిజాం సర్కారు కల్లు హక్కును హర్రాజు వేసి గుత్తకిచ్చేది. చెట్టెక్కేది గీతకార్మికుడు, లాభం గుత్తేదారుది. 1993లో సారాకొట్లు మూతపడ్డా మండువ నిలిచింది.

విక్టోరియా కాలపు పబ్బులో కూలీలకు పబ్లిక్ బార్, పెద్దలకు సెలూన్ బార్. నడుమ చెక్క అడ్డం. మండువలో ఆ అడ్డం కనబడదు. కాని పలుచోట్ల దళితుడు ఎడంగా కూర్చొని, పైనుంచి పోసిన కల్లును తాటాకు రేకలో పట్టుకోవలసి వచ్చేది. మన కథల్లో మాత్రం మండువ తాగుబోతు తూలే చోటే. ముంత ఎవరిదో, రేక ఎవరిదో రాసినవాళ్లు తక్కువ.