రాయి ఇచ్చే సాక్ష్యం

మన సికింద్రాబాద్‌లో ఎటు చూసినా గ్రానైటే. మౌలాలి గుట్ట నుంచి ఇంటి గడప దాకా అదే రాయి. కాబట్టి రాయి మనకు వింత కాదు. అయితే ఎవరైనా నల్లటి ముక్క చూపించి "ఇది ఆకాశం నుంచి పడింది, లక్షలు పలుకుతుంది" అంటే మాత్రం ఆశ పుడుతుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం అలాంటి ముక్కకు అడ్వాన్సు కట్టి, కూతురి పెళ్లికి దాచిన సొమ్ము పోగొట్టుకుంది. నిజమైన ఆకాశపు రాయిని శాస్త్రజ్ఞులు ఎలా పరీక్షిస్తారో నలుగురికీ తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

1865 ఆగస్టు 25న బీహార్‌లోని గయ ప్రాంతంలో, షెర్‌ఘాటీ వద్ద సుమారు 5 కిలోల ఉల్క పడింది. శాస్త్ర గ్రంథాల్లో దాని పేరు షెర్గొట్టి. అది అంగారక గ్రహం నుంచి వచ్చిందని శాస్త్రజ్ఞులు తేల్చడానికి వందేళ్లకు పైగా పట్టింది.

ఇలాంటి రాయిని చూడాలంటే ముందు పలుచని పొర తీయాలి. వజ్రపు రంపంతో చిన్న బిళ్ల కోసి, గాజు పలకకు జిగురుతో అంటించి, గరుకు పొడితో అరగదీస్తారు. చివరికి మిగిలే మందం 0.03 మిల్లీమీటర్లు, అంటే మన తలవెంట్రుకలో సగం కన్నా తక్కువ. అప్పుడు రాతిలోంచి కూడా వెలుతురు దూసుకుపోతుంది.

ఆ పొరను పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద పెడతారు. ఇందులో వెలుతురును ఒకే దిశలో కంపించేలా చేసే ఫిల్టర్లు రెండుంటాయి. ఒకటి రాయికి కింద, రెండోది పైన. ఒకే చోటును రెండుసార్లు ఫోటో తీయాలి: మొదట కింది ఫిల్టర్‌తో మాత్రమే, తర్వాత రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి. కెమెరాను ఆటోమేటిక్‌లో వదిలేస్తే నలుపును కూడా వెలుతురుగా చూపే ప్రయత్నం చేస్తుంది. కాబట్టి వెలుతురు, రంగుల అమరికను చేత్తోనే సరిచేయాలి. ఫోటోపై కొలత గీత తప్పనిసరి.

మన గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం రెండు ఫిల్టర్ల మధ్య బూడిద, తెలుపు రంగుల్లో కనిపిస్తుంది. బల్లను ఒక చుట్టు తిప్పితే నాలుగుసార్లు చీకటై మళ్లీ వెలుగుతుంది. షెర్గొట్టిలో పైరాక్సీన్ అనే ఖనిజం రంగురంగులుగా మెరుస్తుంది. కానీ దాని పక్కనే, ఫెల్డ్‌స్పార్ ఆకారంలోనే ఉన్న పలకలు ఎంత తిప్పినా నల్లగానే ఉంటాయి. మొదటి ఫోటోలో అవే గాజులా స్వచ్ఛంగా కనిపిస్తాయి. 1872లో వియన్నా శాస్త్రజ్ఞుడు చెర్మాక్ ఈ పదార్థానికి మాస్కెలినైట్ అని పేరు పెట్టాడు. భయంకరమైన దెబ్బ తగిలి ఫెల్డ్‌స్పార్ లోపలి అమరిక చెదిరిపోయింది, పైరూపం మాత్రం నిలిచింది. ఆ నలుపే దెబ్బకు సాక్ష్యం.

అయితే దెబ్బ తగిలిందని చెప్పే ఫోటో, ఆ రాయి ఏ గ్రహానిదో చెప్పదు. 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడిపై దిగి అక్కడి గాలిని కొలిచాయి. అంటార్కిటికాలో దొరికిన షెర్గొట్టి జాతి రాయి ఒకదానిలో చిక్కుకున్న వాయువులు ఆ గాలితో సరిపోలాయని 1983లో తేలింది. అలా ఒక సాక్ష్యానికి మరో సాక్ష్యం తోడైతేనే మాట నిలబడింది.

ఇందులో మనకూ ఒక పాఠం ఉంది. శాస్త్రజ్ఞులే ఒక్క ఫోటోతో తీర్పు చెప్పనప్పుడు, దారిన పోయేవాడి మాట నమ్మి సొమ్ము ఇవ్వడం తగదు. మన దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచే బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. దాని కార్యాలయం హైదరాబాద్‌లోని బండ్లగూడలో ఉంది. అనుమానం ఉంటే అక్కడ అడగండి. ఆసక్తి గల మన పిల్లలకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగం ఉంది. రాళ్ల చదువు కూడా చదువే. ఆ దారిలో వెళ్లాలనుకునే బిడ్డను తల్లిదండ్రులు వెనక్కి లాగవద్దని మా మనవి.