ముందుగా తెలిసేది ఇంట్లోనే!

2007 ఆగస్టు 25, శనివారం. నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుకుంటున్న రోజులు. కోఠీలో పాత పుస్తకాలు బేరమాడి, గోకుల్ చాట్‌లో తలా ఓ ప్లేటు తిని బస్సెక్కడం నాకూ, నా స్నేహితురాళ్లకూ అలవాటు. ఆ రోజు అమ్మకి ఒంట్లో బాగాలేక ఇల్లు కదల్లేదు. రాత్రి టీవీలో ఆ వీధిని చూశాక అన్నం ముద్ద గొంతు దిగలేదు. అక్కడా, లుంబినీ పార్కులోనూ కలిపి 42 మంది చనిపోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పెట్టిన మరో బాంబు పేలకముందే దొరికింది. కానీ 2013 ఫిబ్రవరి 21న అదే దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలనే పేలాయి.

"ఇలాంటివి ముందే కనిపెట్టలేరా?" అని అప్పట్నుంచీ నా మనసులో ఒకటే ప్రశ్న. సంచులు వెతికితే బాంబు దొరకొచ్చు. కానీ అది సంచిలోకి చేరకముందే ఒక మనసులోకి చేరుతుంది కదా!

మార్క్ సేజ్‌మన్ అనే మానసిక వైద్యుడు 1980లలో అమెరికా గూఢచారి సంస్థ తరఫున పాకిస్తాన్‌లో పనిచేశారు. ఆ తర్వాత 172 మంది ఉగ్రవాదుల జీవితాలు పరిశీలించి 2004లో ఒక పుస్తకం రాశారు. వాళ్లంతా పిచ్చివాళ్లు, నిరుపేదలు అన్న మన ఊహ తప్పని తేలింది. చాలామంది చదువుకున్న మధ్యతరగతి వాళ్లే. వాళ్లని ఎక్కువగా లాక్కెళ్లింది స్నేహం, చుట్టరికం. ఒంటరిగా ఉన్నవాడికి 'నువ్వు మావాడివి' అనే నలుగురు దొరికితే, వాళ్లే లోకమైపోతారు.

మరి దేశాల గొడవలకీ దీనికీ సంబంధం లేదా? ఎందుకు లేదు! 1979లో సోవియట్ సైన్యం అఫ్ఘనిస్తాన్‌లో అడుగుపెట్టింది. దాన్ని ఎదిరించేవాళ్లకి ఇతర దేశాలు డబ్బూ, ఆయుధాలూ కుమ్మరించాయి. 1989లో సైన్యం వెళ్లిపోయింది. తుపాకులూ, వాటికి అలవాటుపడిన కుర్రాళ్లూ మిగిలిపోయారు. ఇలాంటివి చదివినవాళ్లు గాలి ఎటు వీస్తుందో చెప్పగలరు. ఏ ఇంటి కిటికీ తెరిచి ఉందో మాత్రం ఆ ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

2011 జూలై 22న నార్వేలో 77 మందిని పొట్టన పెట్టుకున్న బ్రైవిక్ ముస్లిం కాదు, ముస్లిములంటే ద్వేషం నింపుకున్నవాడు. అంతకు కొన్నేళ్ల ముందు తల్లి ఇంటికొచ్చి, గదిలో కంప్యూటర్ ముందే కాలం గడిపాడు. ఈ జబ్బుకి మతం లేదు.

తల్లికి అనుమానం వచ్చినా ఎవరితో చెబుతుంది? 2007 మేలో మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకెళ్లిన పాతబస్తీ కుర్రాళ్లని ఆ తర్వాత కోర్టు నిర్దోషులని వదిలేసింది. అది చూసిన ఏ తల్లి నోరు విప్పుతుంది చెప్పండి?

డెన్మార్క్‌లో ఆర్హుస్ అనే ఊళ్లో ఈ చిక్కుకి ఒక దారి వెతికారు. 2007 నుంచే అక్కడ పోలీసులు, పురపాలక సంఘం కలిసి పనిచేస్తున్నారు. పిల్లాడిలో మార్పు చూసి తల్లో, టీచరో ఫోన్ చేస్తే ముందు బేడీలు రావు, మాట్లాడే మనిషి వస్తాడు. చదువు దగ్గర తెగిందా, ఉద్యోగం దగ్గరా, స్నేహం దగ్గరా అని చూస్తారు. తోడుగా ఒకరిని పెడతారు. నేరం చేసినవాడికి శిక్ష తప్పదు, చెయ్యనివాడికి దారి మూసెయ్యరు. సిరియా యుద్ధానికి 2013 చివరికల్లా ఆ ఊరినుంచి సుమారు 30 మంది కుర్రాళ్లు వెళ్లారు. పోలీసులు మసీదు పెద్దలతోనూ కూర్చుని మాట్లాడారు. 2014లో వెళ్లింది ఒక్కరేనట! ఇదంతా ఆ పద్ధతి మహిమే అనలేం గానీ, తలుపు తట్టడానికి ఒక చోటంటూ ఉండటం చిన్న విషయమా?

ఇక నా సంగతి చెప్పనా? స్కూలు మారాక మా అబ్బాయి గది గడియ వేసుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అన్నం దగ్గర, "వాళ్లందర్నీ తరిమెయ్యాలమ్మా" అన్నాడు. ఆ 'వాళ్ల'లో నిన్నటిదాకా మా ఇంట్లో టిఫిను తిన్న వాడి స్నేహితుడూ ఉన్నాడు! గుండె ఝల్లుమంది. ఎవరికీ చెప్పలేదు. మా వారికి కూడా. పరువు భయం. పదిహేను రోజులు దాచాను. అది నా తప్పే.

తర్వాత ఇద్దరం వాడి పక్కన కూర్చున్నాం. తిట్టలేదు, ఫోన్ లాక్కోలేదు. "నీతో ఎవరు మాట్లాడుతున్నారు నాన్నా?" అని మాత్రం అడిగాను. మూడో రోజుకి చెప్పాడు. కొత్త స్కూల్లో పలకరించే దిక్కు లేదట. ఫోన్‌లో ఏదో గ్రూపువాళ్లే 'తమ్ముడూ' అంటారట. ఆదివారం పాత స్నేహితుణ్ణి భోజనానికి పిలిచాం.

గడ్డం పెంచినా, బొట్టు పెట్టినా, ప్రార్థన చేసినా అనుమానించకండి. అది మరో అన్యాయం. పాత స్నేహాలన్నీ తెంచుకుని, మనుషుల్ని 'వాళ్లు' అంటూ ముద్దగా ద్వేషించడం మొదలుపెడితే మాత్రం దాచకండి. ఇంట్లో చెప్పండి, నమ్మకమున్న టీచరుకి చెప్పండి, డాక్టరుకి చెప్పండి. అలా చెప్పిన తల్లిని వేలెత్తి చూపించకుండా ఉండటం ఇరుగుపొరుగువాళ్లమైన మన వంతు.

మా వాడి గది తలుపు ఇప్పుడు ఓరగా తెరిచే ఉంటోంది. వంటింట్లోంచి ఒక చెవి అటే వేసి ఉంచుతున్నాను.