మన కీళ్లును వాని కదలికయు

కీలెరిగి వాత పెట్టుమని మన పెద్దలు చెప్పు సామెత మీరెల్లరు నెరిగినదే. వాత మాట యటుండనిండు. కీలెరుగుటయే నేటి ప్రస్తావము. చీకటితో లేచి తోటకు బోవు మనవారికి కీళ్లే మూలధనము. పాలు గీయు కత్తి మొద్దుబారినచో సాన పట్టవచ్చును, విరిగినచో వేరొకటి తెచ్చుకొనవచ్చును. మోకాలు చెడినచో ఇంటిల్లిపాదికిని కూటికి కొరత వచ్చును.

పెరిగిన మనుష్యుని శరీరమున 206 ఎముకలు గలవు. ఎముకయు నెముకయు గలిసికొను తావునకు కీలని పేరు. కీళ్లన్నియు గదలునవి కావు. పుర్రె యెముకలు రంపపు పండ్లవలె నొకదానిలో నొకటి పొదిగి, కదలక నిలిచి మెదడును గాపాడుచున్నవి. కదలెడు కీళ్లయందు ఎముకల కొనలకు నునుపైన మృదులాస్థి పూతవలె నంటియుండును. మోకాటిలో దీని మందము చాలవరకు 2 మొదలు 4 మిల్లీమీటర్లు మాత్రమే. కీలు చుట్టును సంచివంటి పొర యుండి, దానిలో గ్రుడ్డు తెల్లసొనవంటి జిగటనీరు ఊరును. మోకాలంత పెద్ద కీలునందైనను ఈ నీరు చెంచాడుండదు. ఇంత స్వల్పమగు నూనెతో ఇన్నియేండ్లు తిరుగు యంత్రమును నేనే కర్మాగారమునందును జూడలేదు.

మృదులాస్థికి నెత్తురునాళములు లేవు. అడుగు మోపినపుడు అది స్పంజివలె నదిమి, కాలెత్తినపుడు ఆ జిగటనీటిని బీల్చుకొని దానివలననే పోషణము బొందును. కావున కీలునకు గదలికయే యాహారము. నొప్పియని నెలల తరబడి మంచము పట్టినవాని కీలు మరింత బిగుసుకొనుటకు ఇదియొక హేతువు.

మోచేయి తలుపుబందు వంటిది. ముందునకు మడుచునుగాని వెనుకకు మడువదు. అట్లయినచో రబ్బరుచెట్టు బెరడు గీయునపుడు చేతిలోని కత్తి మెలిదిరుగుట యెట్లు? ముంజేతియందు రెండెముకలు గలవు. చిటికెనవ్రేలి వైపున నున్నది నిలిచియుండగా, బొటనవ్రేలి వైపున నున్నది దానిమీద దొరలును. అరచేయి యాకాశమును జూచుటయు, నేలను జూచుటయు దీనివలననే. మెడలో మరియొక వింత గలదు. తలను క్రిందికి మీదికి నూపునపుడు పుర్రె మొదటి పూసమీద నూగును. కాదని యడ్డముగా ద్రిప్పునపుడు మొదటి పూస రెండవపూస ముల్లు చుట్టును బొంగరమువలె దిరుగును. మనవారు ఔననుటకు తలను ప్రక్కలకు వాల్తురే, దానికి మెడలోని తక్కిన పూసలు తలా కొంచెము తోడ్పడును.

దిష్టి తీసి మెటికలు విరచు అవ్వలను జూచియున్నారు గదా. ఆ చప్పుడు ఎముక విరుగుట కాదు. కీలు సాగినపుడు జిగటనీటిలో గాలిబుడగ యేర్పడుటవలన గలుగునది. దానివలన కీళ్లవాతము వచ్చునను భయమునకు ఆధారము కానరాలేదు. అవ్వలు నిశ్చింతగా విరువవచ్చును.

మోకాటి సంగతి వేరు. చదును నేలమీద నడచునపుడే దానిపై మన బరువునకు రెండు మూడు రెట్ల ఒత్తిడి పడును. మెట్లు దిగినను, గొంతుకూర్చున్నను ఇంకను హెచ్చును. రబ్బరుచెట్టు గాటు ఏటేట క్రిందికి దిగుచుండును గనుక, కడపటి యేండ్లలో గీయువారు వంగియో గొంతుకూర్చుండియో పని చేయవలసివచ్చును. మలేషియాలో నేడు రబ్బరుకంటె పామాయిలు తోటలే యెక్కువ. అచ్చట గెలనెత్తుట మరియొక శ్రమ. నడుము వంచి చేతులు చాచి యెత్తుటకంటె, మోకాళ్లు మడచి గెలను రొమ్మునకు దగ్గరగా దీసికొని లేచుట వెన్నుపూసలకు మేలు.

భుజమును తుంటియు బంతిగిన్నె కీళ్లు. తుంటిగిన్నె లోతైనది; బంతి దానిలో జక్కగా నిమిడి యుండును. భుజపు గిన్నె సాసరువలె లోతులేనిది. అందుచేతనే పొడవైన గడకు కొడవలి గట్టి మింటనున్న గెలను గోయుటకు చేయి యన్నివైపులకు దిరుగుచున్నది. అందుచేతనే యెల్ల పెద్ద కీళ్లలోను భుజమే మిక్కిలి తఱచుగా దొలగుచున్నది. తొలగిన భుజమును తోటివారు కాలు దన్నిపెట్టి లాగుట కలదు. దీనిని నేను గట్టిగా వారించుచున్నాను. చెంతనున్న నరము నలిగినచో చేయి మొద్దుబారును. ఎముక చిట్లియున్నచో లాగుటవలన పూర్తిగా విరుగవచ్చును. చేతిని గుడ్డతో మెడకు వ్రేలాడగట్టి, కదలనీయక ఆసుపత్రికి గొనిపోవలెను. ఛాయాచిత్రము దీసి చూచినపిమ్మటనే వైద్యుడు దానిని స్వస్థానమున నిలుపును.

తల్లులారా, హాజరుపిలుపునకు వేళ మించుచున్నదని బిడ్డను ఒంటిచేత బట్టి మీదికి లాగకుడు. అయిదేండ్లలోపు పసివారి మోచేతియందు ఎముక తలను బట్టియుంచు కట్టు వదులుగా నుండును. ఒక్క గుంజుతో జారిపోవును. అంతట బిడ్డ ఆ చేతిని కదపక యేడ్చును. వైద్యుడు క్షణములో సరిచేయగలడు. చంకల క్రింద చేతులుంచి యెత్తినచో ఈ బాధయే లేదు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి మిగిలినది. అయిదు మొదలు పదునైదేండ్ల పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు జ్వరముతో మోకాలు వాచి, అది తీయగనే చీలమండయో, మోచేయియో, మణికట్టో వాచినచో, ఎదుగుదల నొప్పులని తైలము రాచి యూరకుండకుడు. ఇది కీళ్లజ్వరము గావచ్చును. కీళ్ల వాపు జాడలేక పోవును. చెడునది గుండె కవాటములు. పిల్లవాడు ఆటలాడుచుండగనే లోపల హాని పెరుగును, కొన్ని యేండ్లకు ఆయాసముతో బయటపడును. గొంతునొప్పికే సకాలమున మందిచ్చినచో ఈ జ్వరమును రాకుండ జేయవచ్చును. వచ్చినవారికి మూడు నాలుగు వారముల కొకమారు పెన్సిలిను సూది వేయింతురు. కీలు నొప్పి పోయినదని ఆ సూదిని నడుమ మాన్పింపరాదు. ఎన్నియేండ్లు వేయింపవలెనో వైద్యునే యడిగి, తరువాతి తేదీని గోడమీది పంచాంగమున గుర్తించుకొనుడు.